పరాయి రేవున పంతులు

తెలుగు రచనలలో అండమాను అన్న మాట చాలాకాలం శిక్షకు మారుపేరుగా నిలిచిపోయినది. ద్వీపాంతరవాసం, నల్లనీళ్ళు, సెల్యులర్ జైలు: పాఠకుని మనస్సులో మొదట మెదిలేవి ఇవే. అందుకు చారిత్రక కారణం లేకపోలేదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర ఆ దీవులలో శిక్ష అనుభవించినవాడు. స్వతంత్ర భారతంలో 1952లో లోక్‌సభకు ఎన్నికైనవాడు. తరువాత వెండితెర మరొక అండమానును చూపినది. 1979లో వచ్చిన ‘అండమాన్ అమ్మాయి’ చిత్రంతో ఆ దీవులు ప్రణయానికీ విహారానికీ తావులైనవి. జైలుకూ విహారానికీ నడుమ ఒక ఇల్లు ఉన్నది. చేపల వాసన వేసే ఇల్లు, వాకిట వల ఆరవేసిన ఇల్లు. అది జంగ్లీఘాట్‌లో ఉన్నది. దానివైపు తెలుగు రచయితల చూపు పడినది తక్కువ.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చుకొన్న పోర్టుబ్లెయిరు నగరంలో జంగ్లీఘాట్ ఒక పేట, ఒక చేపల రేవు. శ్రీకాకుళం, విశాఖపట్టణం తీరాల నుండి మత్స్యకార కుటుంబాలు సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చి అక్కడ నిలదొక్కుకొన్నవి. 1950ల దశకంలో ప్రభుత్వమే కొందరిని పిలిచి స్థిరపరచినది. మరికొందరు చుట్టాల వెంట చుట్టాలుగా వచ్చినారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ కేంద్రపాలిత ప్రాంతంలో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. బంగాళీ, హిందీ, తమిళాల తరువాతి స్థానం దానిదే. వీధిలో అందరినీ కలిపే భాష మాత్రం హిందీ. అదీ ఢిల్లీ హిందీ కాదు, పది భాషల వాళ్ళు నలగగొట్టి నునుపు చేసుకొన్న హిందీ. ఆ పేట పేరులో ‘జంగ్లీ’ అన్న మాట ఉండటం గమనింపదగినది. వచ్చినవాడు ఉన్నవానికి పెట్టే పేర్లు ఎప్పుడూ ఇట్లే ఉంటవి.

ఇట్టి చోటికి ప్రధాన భూభాగం నుండి చదువు చెప్పటానికి ఒక ఉపాధ్యాయుడు పోయినాడనుకొందాం. పరిపాలన దృష్టిలో అది పరదేశం కాదు. కాని ఓడ దిగినవానికి అది పరదేశం వలెనే ఉంటుంది: ఎండ వేరు, వాన వేరు, రేవులో వినబడే మాట వేరు. విచిత్రమేమంటే, విననలవాటు లేని ఆ మాటలలో తన మాతృభాష కూడా ఒకటి. అతడు అక్కడి ఒక కుటుంబంతో స్నేహం చేస్తాడు. ఆ స్నేహాన్ని గూర్చి ఒక కథ, నవల, జ్ఞాపకాల పుస్తకం వ్రాస్తే అందులో సత్యం ఎంత ఉన్నదో పాఠకుడు దేనిని బట్టి తెలుసుకొంటాడు? ఈ ప్రశ్న జంగ్లీఘాట్‌కే పరిమితమైనది కాదు. దూరదేశపు పంతులు, స్థానిక గృహం అనే వస్తువు ప్రపంచ సాహిత్యంలో పాతదే. దానిని ఎవరెవరు ఎట్లు నిర్వహించినారో చూచి మరల ఈ రేవుకు రావటం మంచిది.

ఆంగ్ల నవలలలో ఈ వస్తువుకు అందరూ చూపే ఉదాహరణ ఇ. ఎం. ఫార్‌స్టర్ 1924లో ప్రకటించిన ‘ఎ పాసేజ్ టు ఇండియా’. చంద్రపూర్ ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడు ఫీల్డింగ్‌కూ డాక్టరు అజీజ్‌కూ కుదిరిన స్నేహమే ఆ నవలకు వెన్నెముక. రచయితకు అనుభవం లేని విషయమూ కాదది. 1906లో సయ్యద్ రాస్ మసూద్‌కు ఫార్‌స్టర్ లాటిన్ చెప్పినాడు. నవలను అంకితం చేసినదీ మసూద్‌కే. జబ్బుపడి మంచం మీద ఉన్న అజీజ్, పరామర్శకు వచ్చిన ఫీల్డింగ్‌ను వెనుకకు పిలిచి, చనిపోయిన తన భార్య ఛాయాచిత్రాన్ని చూపే ఘట్టం ఎంతో ప్రసిద్ధమైనది. పరదా మర్యాద గల ఇంటివాడు పరపురుషునికి ఇవ్వగల అత్యున్నత గౌరవం అది. ఫార్‌స్టర్ నేర్పు అంతా ఆ ఘట్టంలో ఉన్నది. అతని హద్దు కూడా అక్కడే ఉన్నది. ఫీల్డింగ్‌కు అందిన గృహం ఒక ఛాయాచిత్రం మాత్రమే. భార్య లేదు, పిల్లలు ముగ్గురూ అమ్మమ్మ దగ్గర దూరాన ఉన్నారు, వంట వాసన లేదు, గిన్నె చప్పుడు లేదు. ఇద్దరు మగవారు ఒక గదిలో చేసిన స్నేహం అది. నవల చివర గుఱ్ఱాల మీద వెళుతూ వారు విడిపోవటానికి సామ్రాజ్యమే కారణమని విమర్శకులు సాధారణంగా చెప్పుతారు. కారణం అదే కావచ్చు. కాని ఒక ముసలి అత్తగారో, మొండి పిల్లవాడో ఆ స్నేహానికి సాక్షులుగా ఉంటే అంత సులభంగా విడిపోగలిగేవారా అన్న సందేహం కలుగక మానదు. ఇంటితో చేసిన స్నేహం ఇద్దరి నడుమ మాట పడినంత మాత్రాన తెగదు. దానిని పట్టి ఉంచే చేతులు ఎక్కువ.

లాఫ్‌కాడియో హెర్న్ విషయం దీనికి పూర్తిగా భిన్నం. 1890లో జపాను చేరి మత్సుయేలో ఇంగ్లీషు చెప్పటానికి కుదిరిన ఈ పంతులు, పేదరికంలో పడిన సమురాయి కుటుంబపు ఆడపడుచు కొయిజుమి సెత్సును పెండ్లాడినాడు. ఆ కుటుంబ పోషణ నెత్తిన వేసుకొన్నాడు. 1896లో జపాను పౌరుడై ఆ ఇంటిపేరే పెట్టుకొన్నాడు. అయినా జపాను భాష అతనికి బాగా పట్టుబడలేదు. భార్యాభర్తల నడుమ నడిచినది వ్యాకరణం విడిచిన ఒక ఇంటి భాష. ‘హెర్న్‌గారి మాటలు’ అని ఆ ఇంటివారే దానికి పేరు పెట్టుకొన్నారు. సెత్సు పాత కథలు సేకరించి, చదివి, పుస్తకం మూసి తన మాటలలో చెప్పేది, అతడు వినేవాడు. 1904లో వచ్చిన ‘క్వైదాన్’ లోని కథలకు ఊపిరి పోసినది ఆ చెప్పటం, ఆ వినటం. ఆ పుస్తకం ముఖపత్రం మీద సెత్సు పేరు లేదు. తరువాత ఆమె తన జ్ఞాపకాలు చెప్పుకొనకపోతే ఆ కథలు వంటింటి వెలుగులో పుట్టినవని లోకానికి అంతగా తెలిసేది కాదు. ఈ లోపం హెర్న్ ఒక్కనిదే కాదు. ఆతిథ్యం ఇచ్చినవారు పుస్తకంలో పాత్రలవుతారు, కర్తలు కారు. ఈ వస్తువు మీద వచ్చిన రచనలలో మంచివాటికి సైతం అంటుకొన్న మచ్చ ఇది.

జంగ్లీఘాట్‌కు దగ్గరగా, అదే ద్వీపసముదాయంలో, ఇంతకంటె వినయమైన ఒక రచన ఉన్నది. దానిని సాహిత్యమని ఎవరూ అనలేదు. మద్రాసు ప్రాంతం నుండి పోయిన వేదప్పన్ సాలొమన్ అనే క్రైస్తవ బోధకుడు 1890ల చివరి సంవత్సరాలలో కార్ నికోబారు దీవిలోని ముస్ గ్రామంలో స్థిరపడినాడు. బడి పంతులు, వైద్యుడు, ప్రభుత్వ ప్రతినిధి, తగవులు తీర్చే పెద్ద, అన్నీ అతడే. 1901లో ఆ దీవులకు వచ్చిన యాత్రికుడు బోడెన్ క్లాస్ తన గ్రంథంలో అతనిని ప్రస్తావించినాడు. సాలొమన్ వ్రాసిన దినచర్య నుండి కొన్ని భాగాలను సర్ రిచర్డ్ టెంపుల్ 1901 జనగణన నివేదికలో చేర్చినాడు. పైఅధికారులు చదువుతారని తెలిసి వ్రాసినది కనుక అందులో మనస్సు విప్పి చెప్పినది తక్కువ. ఆచారాలను గూర్చి అతని తీర్పులు మిషనరీ తీర్పులే. కాని ఆ ఊళ్ళో సంవత్సరాల తరబడి కాపురమున్న మనిషి వ్రాత ఎట్లా ఉంటుందో అందులో తెలుస్తుంది. విందులు, చావులు, నావల రాకపోకలు, ఊరి తగవులు తేదీల వరుసలో వస్తవి. విహారానికి వచ్చినవాడు ఒక విందు చూచి ఒక అధ్యాయం వ్రాస్తాడు. అక్కడే ఉన్నవానికి అది మంగళవారం నాటి ఒక వాక్యం. ఈ పొదుపు విలువ తెలుగు యాత్రారచయితలు గ్రహింపవలసి ఉన్నది.

సాలొమన్ బడిలో చదివిన నికోబారు పిల్లలలో జాన్ రిచర్డ్‌సన్ ఒకడు. అతడు పై చదువుకు మాండలే వెళ్ళినాడు. తిరిగివచ్చి ఉపాధ్యాయుడై, బిషప్పై, 1952లో ఆ దీవుల తరపున లోక్‌సభకు నియమింపబడినాడు. బైబిలును నికోబారు భాషలోనికి తెచ్చే పనిలో ప్రధానుడైనాడు. పంతులు వ్రాసిన దినచర్య ఆంగ్లంలో, అధికారుల అలమారలో ఉండిపోయినది. శిష్యుని చేతిలో ఆ ఇంటి భాష అచ్చుకెక్కినది. ఈ స్నేహపు సాహిత్యంలో ఉత్తరార్ధం ఆతిథేయి వ్రాయవలసినదే కాబోలు.

తెలుగువారికి ఈ విషయంలో ఒక స్వంత ప్రమాణం ఉన్నది. దానిని వెదకటానికి జపాను దాకా పోనక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. చుట్టుపట్ల కొండలలోని సవరలు ఆ పట్టణానికి సరకులు తెచ్చి అమ్ముకొనేవారు. వారి భాష పట్టణంవారికి వట్టి గోల. పంతులుగారు తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. కొండ గ్రామాలకు పోయినారు. ఆ తిరుగుళ్ళలో తగిలిన మన్యపు జ్వరానికి క్వినైన్ వాడగా వారికి చెవుడు వచ్చినది. స్వంత డబ్బుతో సవర పిల్లలకు బళ్ళు పెట్టినారు. ఇంచుమించు 40 ఏండ్ల శ్రమ తరువాత 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. తరువాత కుమారులు సీతాపతిగారు ఆ పనిని కొనసాగించినారు.

వ్యావహారిక భాషోద్యమ చరిత్రకారులు సవర భాషాకృషిని పంతులుగారి జీవితంలో ఒక ప్రత్యేక ప్రకరణంగా వ్రాసి, తరువాతి పుటలో గ్రాంథిక వాదుల మీది పోరాటాన్ని మొదలుపెట్టుతారు. రెండూ వేర్వేరు ప్రకరణాలు కావు. వ్యాకరణం ఎన్నడూ వ్రాయబడని భాషలో ఎంత నియమం ఉన్నదో సవర నోటి నుండి విని తెలుసుకొన్న మనిషికి, తన ఇంటివారు మాట్లాడే తెలుగు తప్పుల కుప్ప అంటే నమ్మకం కుదరదు. సవర ఇంటి స్నేహం ఆయనకు తెలుగును వినటం నేర్పినది. ఆ స్నేహంలో గురువు ఎవరు, శిష్యుడెవరు అన్నది చివరకు తేలలేదు. తేలకపోవటమే దాని గొప్ప. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. సవరను సవర మాట్లాడినట్లే గ్రహించిన పంతులుగారు, తెలుగు దగ్గరకు వచ్చేసరికి శిష్టుల వాడుకను ప్రమాణంగా అడిగినారు. ఆ నాటి పోరాటానికి అది అవసరమైన మెట్టు. కాని ఆ మెట్టు మీదనే తెలుగు బడి ఆగిపోయినది. పంతులుగారు పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం సీమలోనిది. జంగ్లీఘాట్ తెలుగువారిలో ఎందరో ఆ సీమ తీరం నుండి పోయినవారే. ఆ పెద్దల నోట ‘సేప’, ‘సదువు’, ‘యాట’ అనే పలుకుబడి వినబడితే, దానికి బడిలో ఏ మర్యాద దక్కవలెనన్న ప్రశ్న వారి దగ్గరే మొదలయి, వారి దగ్గరే మిగిలిపోయినది.

బయటి ఊళ్ళలో పంతుళ్ళుగా బ్రదికిన తెలుగు కథకులు లేకపోలేదు. వారిలో త్రిపుర ముఖ్యుడు. గంజాం జిల్లా పురుషోత్తపురంలో 1928లో పుట్టి 2013లో విశాఖపట్నంలో కన్నుమూసిన ఈయన కాశీలో, బర్మాలోని మాండలేలో, అగర్తలాలో ఇంగ్లీషు బోధించినాడు. ఇన్ని పరాయి ఊళ్ళు చూచిన మనిషి కథలలో పరాయి ఊరి కుటుంబం కోసం వెదికితే నిరాశ తప్పదు. హోటళ్ళు, రోడ్లు, గదులు. ‘చీకటి గదులు’ అని ఒక కథకు పేరే ఉన్నది. కొందరికిది లోపంగా కనిపించవచ్చు. అది నిజాయితీ. తలుపు తెరుచుకొనని చోట తెరుచుకొన్నట్లు వ్రాయలేదు. పరాయి ఊళ్ళో నెల రోజులుండి, ఇంటి యజమానురాలు పెట్టిన కాఫీని మానవజాతి ఐక్యతకు నిదర్శనంగా వర్ణించే యాత్రారచనలు తెలుగులో ఏటేటా వస్తూనే ఉన్నవి. వాటికంటె ఈ మూసిన తలుపు మేలు.

ఇక జంగ్లీఘాట్‌కు వస్తే, ఆ ఉపాధ్యాయుని స్థితి పైవారెవ్వరి స్థితితోనూ సరిపోదు. ఫీల్డింగ్‌కు అజీజ్ భాష పరాయిది. హెర్న్‌కు సెత్సు భాష పరాయిది. గిడుగువారికి సవర పరాయిది. తెలియదని ఒప్పుకొంటే నేర్చుకొనటం మొదలవుతుంది. తెలుగు చెప్పటానికి తెలుగువారి మధ్యకు పోయినవానికి ఆ అదృష్టం లేదు. తనకు తెలుసుననే నమ్మకంతోనే అతడు ఓడ దిగుతాడు. పిల్లవాడు ‘సేప’ అంటే ‘చేప’ అని దిద్దుతాడు. ఉద్యోగధర్మం ప్రకారం అది తప్పు కాదు. పరీక్షలో ‘సేప’ అని వ్రాస్తే పిల్లవానికే నష్టం. కాని ఆ సాయంకాలం అదే పిల్లవాని తండ్రి కూరకని నాలుగు చేపలు తెచ్చి ఇచ్చి, ‘యాట బాగుంది మేస్టారూ’ అంటాడు. ఇప్పుడు ఆ పంతులు ఏమి చేయవలెను? పొద్దున దిద్దిన మాటను సాయంత్రం విని ఊరకుండటం మర్యాద. ఆ మర్యాదలో ఒక అబద్ధం ఉన్నది. పిల్లవాడు గుమ్మంలో నిలబడి రెండూ చూస్తూనే ఉంటాడు. కథకు కావలసిన ఘర్షణ ఇక్కడ ఉన్నది. తుపాను, ఓడ మునక తెచ్చిపెట్టనక్కరలేదు.

ఇట్టి కథను పరీక్షించటానికి తెలుగులో ఒక సులభమైన సాధనం ఉన్నది, అది పిలుపు. ఆంగ్ల నవలలో ‘మిస్టర్’ పోయి పేరు మిగిలితే స్నేహం ముదిరినదని తెలుస్తుంది. తెలుగులో అట్లా కాదు, వరుస కలియవలెను. ఉత్తరాంధ్ర తీరపు ఇంటిలో చదువుకొన్న కొత్త మగవానిని ‘బావూ’ అంటారు. అది గౌరవం, ఆ గౌరవంలో దూరం కూడా ఉన్నది. పంతులమ్మ అయితే ‘టీచరమ్మ’. ఆ టీచరమ్మ ఆ ఇంటి ఇల్లాలిని ‘అప్పా’ అని ఎప్పుడు పిలిచినది, ఆ ఇల్లాలు ఆమెను పేరు పెట్టి ‘నువ్వు’ అని ఎప్పుడు అన్నది: ఈ రెండు క్షణాలూ పుస్తకంలో కనబడవలెను. మొదటి పుట నుండి చివరి పుట దాకా పంతులు ‘మేస్టారు’ గానే మిగిలి, ఇంటివారు ‘ఆ అమాయకులు’ గానే మిగిలితే, రచయిత ఎంత కృతజ్ఞత ప్రకటించినా అక్కడ జరిగినది స్నేహం కాదు, సేవ చేయించుకొనటం.

ఆతిథ్యం పొందిన రచయితలు తమకు ఏమేమి పెట్టినారో చెప్పుతారు. తమను ఏమేమి అడిగినారో చెప్పరు. రేవు కుటుంబానికి చదువుకొన్న స్నేహితునితో పని ఉంటుంది. అర్జీ వ్రాసిపెట్టవలెను, బ్యాంకు కాగితం చదివి చెప్పవలెను, ఆడపిల్లను పై చదువుకు పంపవచ్చునా లేదా చెప్పవలెను. 2004 డిసెంబరు 26న సముద్రం పొంగి వచ్చిన తరువాత పరిహారపు కాగితాలు, పేర్ల జాబితాలు ఆ దీవుల పల్లపు పేటలలో ఎంత భారమై ఉంటవో ఊహించటం కష్టం కాదు. ఈ అడగటంలో సిగ్గు ఉంటుంది, లెక్క ఉంటుంది, ఒక్కొక్కప్పుడు కోపం ఉంటుంది. ఇవి లేని స్నేహచిత్రణ అట్ట మీది బొమ్మ వలె అందంగా ఉంటుంది.

మలయాళంలో తకళి 1956లో ‘చెమ్మీన్’ వ్రాసినాడు. మరుసటి సంవత్సరమే దానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినది. జాలరి కులంలో పుట్టకపోయినా తాను పెరిగిన తీరపు గుడిసెలకు అతడు దగ్గరివాడు. అతని కడలిమాత పురాణాన్ని జాలరులందరూ ఒప్పుకొనరన్న విమర్శ ఉన్నది. ఆ విమర్శ రావటం కూడా సాహిత్యానికి లాభమే. జంగ్లీఘాట్ మీద తెలుగు పుస్తకం వచ్చి, అది తప్పని ఆ రేవువారు తగవుకు వస్తే, తెలుగు సాహిత్యానికి ఒక మెట్టు ఎక్కినట్లే.

అంతదాకా చేయదగిన పని ఒకటి ఉన్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించినది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చినది. రైతు నోటి నుండి, నేతగాని నోటి నుండి ఏ జిల్లాలో ఏ మాట వచ్చినదో అందులో నమోదైనది. ఆ పద్ధతిని సముద్రం దాటించవచ్చును. తెప్ప, తండేలు, కోనాం, కవ్వళ్ళు, నెత్తళ్ళు అనే మాటలు ఆ రేవులో ఏ రూపంలో నిలిచినవి? ఏవి హిందీకి దారి ఇచ్చినవి? శ్రీకాకుళం తీరాన పగడపు దిబ్బలు లేవు. అండమానులో ఆ దిబ్బల నడుమ దొరికే రంగురంగుల చేపలకు అక్కడికి పోయిన మొదటి తరం ఏమి పేర్లు పెట్టుకొన్నది? బడి పంతులు ఆ పేర్లను తన శిష్యుని చేత వాళ్ళ నాయనమ్మను అడిగించి వ్రాయించవచ్చును. ఆ కాగితం మీద ‘సేప’ను దిద్దకుండా ఉంచవచ్చును.